ముందు కాలుడికి దండం: ఇష్టంగా మొదలుపెట్టిన సేవ బరువైనప్పుడు

 

ఈ వారం వీడియోలో కాళేశ్వరం గురించి చెప్పుకున్నాం కదా. అందులో టైం చాలక ఒక్క మాటతో దాటేసిన సంగతి ఒకటుంది. అది ఇక్కడ కొంచెం తీరిగ్గా చెప్పుకుందాం. వీడియో చూడనివాళ్ళకి కూడా అర్థమయ్యేలాగే రాస్తున్నా.

మాది కాటారం. మంథని నుంచి వచ్చినా, భూపాలపల్లి నుంచి వచ్చినా, కాళేశ్వరం పోయేవాళ్ళు మా చౌరస్తా దాటి మహదేవపూర్ మీదుగా వెళ్తారు. అక్కడ గోదావరి, ప్రాణహిత కలుస్తాయి. మూడో నది సరస్వతి కంటికి కనిపించకుండా లోపల పారుతుందని మన నమ్మకం. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం, ఈ మూడు లింగాల మధ్య ఉన్న నేల కాబట్టే త్రిలింగ దేశం అయిందని పెద్దలు చెప్తారు. గర్భగుడిలోకి వెళ్తే ఇంకెక్కడా సాధారణంగా కనిపించని దృశ్యం: ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు.

స్థలపురాణం మీకు తెలిసే ఉంటుంది. ముక్తేశ్వరుడు దర్శనానికి వచ్చిన ప్రతివాడికీ ముక్తి ఇచ్చేస్తున్నాడట. యమలోకం ఖాళీ. యముడికి పని లేకుండా పోయింది. ఆయన వచ్చి శివుడి కోసం తపస్సు చేసి తన బాధ చెప్పుకుంటే, స్వామి తన పక్కనే, తన పానవట్టం మీదే చోటిచ్చాడు. ఒక నియమం కూడా పెట్టాడు. ముందు పూజ కాలుడికి, తర్వాతే ముక్తేశ్వరుడికి. కాలుణ్ణి పట్టించుకోకుండా నేరుగా ముక్తి దగ్గరికి పరిగెత్తినవాడు యముడి చేతికే చిక్కుతాడు.

చిన్నప్పుడు ఈ కథ వింటే యముడికి ఉద్యోగం మళ్ళీ దొరికిందని నవ్వొచ్చేది. ఇప్పుడు వింటే వేరే విషయం కనిపిస్తోంది. కాలుడు అంటే యముడే కాదు, కాలం కూడా. నీకు రోజుకి ఎన్ని గంటలున్నాయి, నీ ఒంట్లో ఎంత సత్తువ ఉంది, ఏది ఎప్పుడు ఆపాలి, ఈ లెక్కంతా కాలుడిది. శివుడంతటివాడు ఆ లెక్కని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తనకంటే ముందు దానికే దండం పెట్టించాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన చానల్ చూసేవాళ్ళలో చాలామంది ఉద్యోగం కాకుండా ఇంకేదో ఒకటి నడుపుతున్నవాళ్ళే. ఒకరు స్తోత్రాల సైట్, ఒకరు ఊరి గుడి ఫోటోల పేజీ, ఒకరు పాత పుస్తకాలు టైప్ చేసి పెట్టే సైట్. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ జీతం ఇవ్వరు. ఇష్టం కొద్దీ మొదలుపెట్టింది. ఆ ఇష్టమే ఒక రోజు మెడకు చుట్టుకుంటుంది.

మా ఊరి తమ్ముడొకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పేరు వద్దులెండి. కాళేశ్వరానికి ఎట్లా రావాలి, బస్సులెప్పుడు, అభిషేకం ఎప్పుడు, గుడిలో చదువుకునే స్తోత్రాలేంటి, అన్నీ తెలుగులో ఒక్కచోట పెట్టి సైట్ చేశాడు. డొమైన్ ఖర్చు, హోస్టింగ్ ఖర్చు తన జేబులోంచే. మొదటి రెండేళ్ళు వాడి మొహంలో వెలుగు చూడాలి. ఎక్కడో ఒమన్‌లో ఉన్న కరీంనగర్ ఆయన మెయిల్ పెట్టాడని, ఎవరో ముసలావిడకి మనవడు ఫోన్‌లో చదివి వినిపించాడని చెప్పుకొని మురిసిపోయేవాడు. 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతి పుష్కరాలు వచ్చాయి. ఆ పన్నెండు రోజులు వాడు నిద్రపోయింది తక్కువ. సైట్‌లో ఫోన్ నంబర్ ఉంది కాబట్టి రాత్రి రెండింటికి ఫోన్లు. రూములున్నాయా, పార్కింగ్ ఎక్కడ, ఘాట్‌లో రద్దీ ఎంత. కొందరు తిట్టారు కూడా, బస్సు టైం మారితే వీడు మార్చలేదని.

పుష్కరాలు అయిపోయాక కూడా వాడు తేరుకోలేదు. ఒక ఆదివారం నాతో అన్న మాట ఇది: "అన్నా, స్తోత్రం ఓపెన్ చేస్తే దేవుడు కనవడ్తలేడు. స్పెల్లింగ్ తప్పులే కనవడ్తున్నయ్." వాళ్ళమ్మ ఇంకో మాట అన్నదట. "ఊరందరికి దర్శనం టైములు చెప్తవ్, నువ్వు గుడికి పోక ఎన్ని రోజులైంది బిడ్డా?"

ఇది సోమరితనం కాదు. బర్నౌట్ అనే మాటని ఈ అర్థంలో వైద్యలోకంలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త, 1974లో. ఆయన దాన్ని మొదట చూసింది కార్పొరేట్ ఆఫీసులో అనుకుంటాం మనం. కాదు, న్యూయార్క్‌లో పేదల కోసం నడిచే ఒక ఉచిత క్లినిక్‌లో. పగలు తన ప్రాక్టీస్ చూసుకుని, రాత్రి అక్కడ సేవ చేసేవాడాయన. అట్లా సేవ చేస్తున్నవాళ్ళలోనే, తనలోనూ, ఈ కాలిపోవడం గమనించాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పనికి సంబంధించిన స్థితిగా వర్ణించింది. ఒంట్లో శక్తి ఖాళీ అవడం, చేసే పని మీద మనసు విరిగి వెటకారం రావడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావం, ఈ మూడూ దాని గుర్తులు. వాళ్ళ నిర్వచనం ఉద్యోగం వరకే. కానీ మొదట దొరికింది మాత్రం ప్రేమతో చేసేవాళ్ళలో. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. జీతానికి చేసేవాడు సాయంత్రం ఆరింటికి లాప్‌టాప్ మూసేయగలడు. ప్రేమకి ఆఫీస్ టైమింగ్స్ ఉండవు కదా.

మా ఫీల్డ్‌లో ఆన్-కాల్ అని ఉంటుంది. సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి చూసే డ్యూటీ. అది ఒకరికి ఒక వారం, తర్వాత వారం ఇంకొకరికి. లక్షల మంది వాడే ప్రొడక్షన్ సిస్టమ్‌కే ఇట్లా వంతులుంటే, ఇంట్లో ఒక్కడే నడిపే సైట్‌కి మాత్రం ఒకే మనిషి జీవితాంతం ఆన్-కాల్. ఇది ఏ మేనేజరూ ఒప్పుకోని డిజైన్. మనం మాత్రం దానికి సేవ అని పేరు పెట్టుకుని ఒప్పేసుకుంటాం.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. సేవ అనగానే అందరూ రెండో అధ్యాయం 47వ శ్లోకం ఎత్తుకుంటారు. పని మీదే నీకు అధికారం, ఫలం మీద లేదు అని. అలసిపోయినవాడికి ఈ శ్లోకం చెప్పి "ఫలం ఆశించకు, చేస్తూ పో" అనడం నాకు నచ్చదు. ఆ శ్లోకంలో ఫలం మీద పట్టు వదలమన్నాడు, పని మానెయ్యడం మీద ఇష్టం పెంచుకోవద్దన్నాడు. ఒళ్ళు హూనం చేసుకోమని ఎక్కడా అనలేదు. పైగా ఆరో అధ్యాయంలో 16, 17 శ్లోకాలు చూడండి. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ, మరీ నిద్రపోయేవాడికీ, అస్తమానం మేలుకునేవాడికీ యోగం కుదరదని కృష్ణుడే చెప్పాడు. తిండి, నిద్ర, పని అన్నీ తగుపాళ్ళలో ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందట. రాత్రి రెండింటికి హోస్టింగ్ సపోర్ట్‌తో చాట్ చేస్తున్న భక్తుడికి ఈ రెండు శ్లోకాలు ఎవరూ పంపరెందుకో.

మన సంగతికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది మాత్రం పదిహేడో అధ్యాయం. అక్కడ దానం మూడు రకాలు. సైట్ నడపడం దానమే కదా, మన కాలం దానం. ఇవ్వాలి కాబట్టి, తిరిగి ఏమీ చెయ్యలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో, తగినవాడికి ఇచ్చేది సాత్వికం. తిరిగి ఏదో వస్తుందని, లేదా లోపల కష్టపడుతూ, ముక్కుతూ మూలుగుతూ ఇచ్చేది రాజసం. అక్కడ వాడిన మాట పరిక్లిష్టం. తప్పు చోట, తప్పు వేళలో, తీసుకునేవాణ్ణి చిన్నచూపు చూస్తూ ఇచ్చేది తామసం.

ఈ మూడూ మూడు రకాల మనుషులని నేను అనుకోను. ఒకే మనిషి, ఒకే సైట్, మూడేళ్ళలో ఈ మూడు మెట్లూ దిగొచ్చు. మొదటి ఏడాది ముసలావిడ కథ చెప్పి మురిసినవాడే, రెండో ఏడాది "ఇంత చేస్తే ఒక్కడూ థాంక్స్ చెప్పడు" అంటాడు. మూడో ఏడాది "సైట్‌లో రాసి ఉంది కదా, చదువుకోవడం రాదా" అని విసుక్కుంటాడు. ఇచ్చే వస్తువు అదే. ఇచ్చే చెయ్యి మాత్రం అలసిపోయింది. అదే అధ్యాయంలో 5, 6 శ్లోకాల్లో ఇంకో కఠినమైన మాట ఉంది. శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సుతో ఒంటిని పీడించేవాళ్ళు లోపలున్న తనని కూడా పీడిస్తున్నారని స్వామి అంటాడు. దేవుడి కోసం మేలుకుంటున్నా అనుకుంటూ లోపలున్న దేవుణ్ణే నిద్రపోనివ్వకపోవడం ఎట్లాంటి భక్తో మీరే చెప్పండి.

అసలు మన సంప్రదాయంలో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే సేవ అనే ఆలోచనే అరుదు. గుడికే మధ్యాహ్నం తలుపులేస్తారు. రాత్రి పవళింపు సేవ చేసి స్వామిని పడుకోబెడతారు, తెల్లారి సుప్రభాతంతో లేపుతారు. తొలి ఏకాదశి నుంచి కార్తీకం దాకా విష్ణువు యోగనిద్రలో ఉంటాడంటాం. బతుకమ్మని తొమ్మిది రోజులు ఆడి, సద్దుల నాడు చెరువులో కలిపేస్తాం. ఎవరూ "అయ్యో, ఇంత కష్టపడి పేర్చింది" అని ఇంట్లో పెట్టుకోరు. పుష్కరాలు కూడా అంతే. పన్నెండేళ్ళకోసారి పన్నెండు రోజులు. మిగతా రోజుల్లో నది తన మానాన తను పారుతుంది.

ఇంట్లో అమ్మలు నోములు, వ్రతాలు పట్టడం చూశారు కదా. నోము పట్టేటప్పుడే ఎన్నాళ్ళు అన్నది తెలుస్తుంది. చివర్లో ఉద్యాపన ఉంటుంది. అది చేస్తేనే వ్రతం పూర్తయినట్టు. ఆపడం అక్కడ వ్రతభంగం కాదు, వ్రతంలో భాగమే. మనం సైట్లు మొదలుపెట్టినప్పుడు సంకల్పం చెప్పుకున్నామేమో గానీ ఉద్యాపన ఎప్పుడో ఎవరం అనుకోలేదు.

దీనికి భాగవతంలో అంబరీషుడి కథ ఉంది, తొమ్మిదో స్కంధంలో. ఏడాది పాటు ద్వాదశీ వ్రతం చేసి, చివర్లో మూడు రాత్రులు ఉపవాసం ఉండి, పారణ చెయ్యబోతుంటే దుర్వాసుడు వస్తాడు. భోజనానికి పిలిస్తే సరేనని యమునకి స్నానానికి వెళ్ళి ఎంతకీ రాడు. ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయి. అతిథి రాకుండా తింటే తప్పు, తిథి దాటాక తింటే వ్రతానికి లోపం. రాజు పండితుల్ని అడిగి కొంచెం నీళ్ళు తాగుతాడు. నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. ఉపవాసం ఎంత నిష్ఠగా చేశాడో, దాన్ని సమయానికి విడవడంలోనూ అంతే నిష్ఠ చూపించాడు. దుర్వాసుడు కోపంతో కృత్యని పుట్టిస్తే, విష్ణుచక్రం కాపాడింది వేళ చూసి ఉపవాసం విడిచిన ఈ రాజునే.

అయితే ఒక ప్రశ్న రావచ్చు. చక్రం తరుముతుంటే దుర్వాసుడు లోకాలన్నీ తిరిగి వచ్చేదాకా, ఏడాది పాటు, ఆ రాజు నీళ్ళతోనే ఎదురుచూశాడు కదా, అది ఒంటిని పీడించడం కాదా? నేనూ దీని గురించి చాలా ఆలోచించా. నాకు తోచింది ఇది. అది ఎవరో ఏమనుకుంటారో అన్న భయంతో చేసింది కాదు. ఒక మనిషి ప్రాణం ఆపదలో ఉంది, ఆయన తన అతిథి. అట్లాంటి సందర్భం జీవితంలో ఎప్పుడో ఒకసారి వస్తుంది. బస్సు టైం అప్‌డేట్ చెయ్యకపోవడం అట్లాంటి సందర్భం కాదు.

ఇంకో సంగతి, ఒంటరితనం. ఈ పనుల్లో మనిషిని కాల్చేది పని కంటే "నేను లేకపోతే ఇది ఆగిపోతుంది" అన్న ఆలోచనే అనిపిస్తుంది నాకు. జనగామ జిల్లాలో, పాలకుర్తి దగ్గర బమ్మెర ఉంది, పోతన ఊరని మనం చెప్పుకునేది. రాజుకి అంకితం ఇవ్వకుండా రాముడికిచ్చిన ఆ మహానుభావుడి భాగవతం కూడా ఇవ్వాళ మన చేతిలో ఉన్న రూపంలో ఆయన ఒక్కడిదే కాదు. ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ పూర్తి చేసినవి. దాన్ని మనం పోతన భాగవతం అనే అంటాం. తనతో పలికిస్తున్నవాడు రాముడని నమ్మినవాడికి, మిగతాది ఇంకొకరితో పలికిస్తే లోటేముంటుంది?

కొమర్రాజు లక్ష్మణరావు గారి సంగతి చూడండి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి పని ఇంకా అక్షరమాల మొదట్లోనే ఉంది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని అందుకుని మళ్ళీ కదిలించారు. ఇవ్వాళ అదే కల తెలుగు వికీపీడియా రూపంలో 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది, ఎంతోమంది చేతుల మీదుగా. అక్కడ ఒకరు కొన్ని నెలలు కనిపించకపోయినా వ్యాసాలు ఎక్కడికీ పోవు.

అప్పగించడంలో తొందర కూడా ప్రమాదమే, అదీ చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్ లోకంలో 2024 మార్చిలో ఒక సంఘటన జరిగింది. ప్రపంచంలో లెక్కలేనన్ని లినక్స్ సర్వర్లలో ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌ని ఒకాయన ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకున్నాడు. మానసికంగా బాగోలేక వెనకబడ్డానని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టేనని ఆయన ముందే చెప్పాడు. జనం మాత్రం అప్‌డేట్లు ఏవని ఒత్తిడి పెట్టారు. ఆ సమయంలో సాయం చేస్తానంటూ వచ్చిన ఒకరు రెండేళ్ళకు పైగా ఓపికగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని ఒక ఇంజనీర్‌కి అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. లేకపోతే ఏమయ్యేదో. ఆ ఒక్కడి అలసట ప్రపంచానికంతటికీ సంబంధించిందని అప్పుడు తెలిసింది అందరికీ. పాత్రుడికి ఇవ్వమని గీత చెప్పింది తాళంచెవులకి కూడా వర్తిస్తుంది. ఒంట్లో శక్తి ఉన్నప్పుడే, మనిషిని చూసి, కొంచెం కొంచెంగా అప్పగించాలి. పూర్తిగా ఖాళీ అయ్యాక ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకి ఇచ్చేస్తాం.

మా తమ్ముడు ఏం చేశాడంటే, సైట్ తీసెయ్యలేదు. ముందు ఫోన్ నంబర్ తీసేశాడు. బస్సు టైములు, రూముల సమాచారం మొత్తం ఎత్తేసి, ఆర్టీసీని, దేవస్థానాన్ని అడగమని ఒక లైను రాశాడు. అవి రోజూ మారేవి, ఒక్కడి వల్ల అయ్యేవి కావు. స్తోత్రాలు మారవు కాబట్టి వాటిని మాత్రం మామూలు పేజీలుగా చేసి ఉంచాడు. సర్వర్ పాడయ్యే గొడవ తగ్గింది, ఖర్చూ తగ్గింది. రెండు చోట్ల బ్యాకప్ పెట్టి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా పేజీలు సేవ్ చేశాడు, రేపు డొమైన్ కట్టకపోయినా పాఠం మిగులుతుందని. మెయిల్స్ చూసేది ఆదివారం మాత్రమే అని పైన రాసి పెట్టాడు. మొదటి వారం ఇద్దరు ముగ్గురు కోప్పడ్డారట. తర్వాత ఎవరూ ఏమనలేదు. మంథని అమ్మాయి ఒకామె, సంస్కృతం ఎం.ఏ. చేసింది, తప్పులు దిద్దడానికి ముందుకొచ్చింది. ప్రస్తుతం ఆమె దిద్ది పంపితే వీడు చూసి పెడుతున్నాడు. పూర్తి తాళాలు ఇంకా ఇవ్వలేదు. ఉద్యాపన కార్తీకంలో చేద్దామా, వచ్చే శివరాత్రికా అని ఇంకా తేల్చుకోలేదు.

మీలో ఎవరికైనా వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, బతకాలనే అనిపించకపోవడం ఉంటే, దాన్ని ప్రవచనంతో సరిపెట్టుకోవద్దు. టెలీ మానస్ నంబర్ 14416, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం భక్తి తక్కువై కాదు. అశ్వినీ దేవతలు కూడా దేవతలే.

కాళేశ్వరం వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించండి. ముక్తేశ్వర లింగానికి రెండు నాసికా రంధ్రాలుంటాయి. అందులో పోసిన నీళ్ళు లోపలి దారిన సంగమంలో కలుస్తాయని చెప్తారు. రద్దీలో చాలామంది దాన్ని చూడకుండానే వచ్చేస్తుంటారు. పూజారి గారిని అడిగితే చూపిస్తారు. వరుస మాత్రం మర్చిపోకండి, ముందు కాళేశ్వరుడు.

అంబరీషుడి కథ ఇక్కడ కుదించి చెప్పాను. వచ్చే వీడియోలో దుర్వాసుడు ఎక్కడెక్కడికి పరిగెత్తాడో, బ్రహ్మ, శివుడు, విష్ణువు ఆయనకి ఏమని చెప్పి పంపించారో పూర్తిగా చెప్పుకుందాం.

హర హర మహాదేవ.